పాస్‌పోర్టు మీద పడే ముద్ర

పిల్లలూ! మీరు ఒకనాడు బడికి వెళ్ళలేదనుకోండి. మరునాడు సెలవుచీటీ పట్టుకువెళతారు. దాని మీద నాన్నగారి సంతకం ఉంటుంది. మేష్టారు ఆ సంతకం చూసి, "సరే, కూర్చో" అంటారు. చీటీ చిన్నదే కాని, అది లేకపోతే గుమ్మం దగ్గరే నిలబడవలసి వస్తుంది. దేశం దాటి వెళ్ళేవారికి కూడా ఇటువంటి చీటీలు కావాలి. వాటి సంగతి సరిగా తెలియక, ముప్ఫై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పిన నేనే పొరపాటు చేశాను. ఆ కథ చెబుతాను, వినండి.

2016 మార్చి 10-వ తేదీన నేనూ, మా ఇంటావిడా అమెరికాలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళాము. విమానం దిగగానే పెద్ద వరుసలో నిలబడ్డాము. మా వంతు వచ్చినప్పుడు బల్ల వెనుక ఉన్న అధికారి మా పాస్‌పోర్టులు తీసుకుని, "ఎందుకు వచ్చారు? ఎన్నాళ్ళుంటారు?" అని అడిగాడు. మా వేలిముద్రలు తీసుకున్నాడు, ఫోటో తీశాడు. తరువాత పాస్‌పోర్టులో ఒక ముద్ర వేసి, దాని పక్కన కలంతో ఒక తేదీ రాశాడు. అది సెప్టెంబరు 9. నేను దాన్ని పట్టించుకోలేదు. ఎందుకంటే మా వీసా పదేళ్ళది. పదేళ్ళలో ఎప్పుడైనా రావచ్చు, ఎన్నాళ్ళయినా ఉండవచ్చు అనుకున్నాను. అదే నా పొరపాటు!

పాస్‌పోర్టు, వీసా, ముద్ర అనే మూడూ ఒకటి కావు. మీరు సెలవులకు పొరుగూరి చుట్టాలింటికి వెళుతున్నారనుకోండి. "వీడు మా అబ్బాయే" అని మీ నాన్నగారు ఉత్తరం రాసిస్తారు. అది పాస్‌పోర్టు. దాన్ని మన దేశమే మనకిస్తుంది. "మా ఇంటికి రావచ్చు" అని చుట్టాలు కబురు పంపుతారు. అది వీసా. దాన్ని మనం వెళ్ళబోయే దేశం ఇస్తుంది. ఇక గుమ్మంలో నిలబడ్డ పెద్దాయన, "రా నాయనా, దసరా దాకా ఉండు" అంటాడు. అది ముద్ర. రమ్మన్నంత మాత్రాన ఎన్నాళ్ళు ఉండవచ్చో తేలదు. ఆ సంగతి గుమ్మం దగ్గరే తేలుతుంది. వీసా అనే మాట లాటిన్ భాష నుంచి వచ్చింది. దానికి "చూడబడినది" అని అర్థం. పత్రాన్ని చూశాము, సరిగా ఉన్నది అని చెప్పే గుర్తు అన్నమాట.

అన్ని దేశాలకూ వీసా అక్కర్లేదు. మనవాళ్ళు నేపాలు వెళ్ళాలంటే వీసా లేకుండానే వెళ్ళవచ్చు. ఏ దేశం వారికి ఏ నియమమో ఆ రెండు దేశాల స్నేహాన్ని బట్టీ, ఒప్పందాలను బట్టీ ఉంటుంది.

ఇదంతా ఈ కాలపు వింత అనుకోకండి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ముద్రాధ్యక్షుడు అనే ఒక అధికారి ఉన్నాడు. అతడు ఒక మాషకం రుసుము పుచ్చుకుని ముద్ర వేసిన పత్రం ఇచ్చేవాడు. ఆ ముద్ర ఉన్నవాడే దేశంలోకి రావాలి, దేశం నుంచి పోవాలి. పచ్చిక బయళ్ళను చూసుకునే అధికారి దారిలో ఆ ముద్రలను తనిఖీ చేసేవాడు. ముద్ర లేకుండా తిరిగే స్వదేశీయుడికి 12 పణాల జరిమానా. దొంగముద్ర అయితే శిక్ష ఇంకా ఎక్కువ. పరదేశి తప్పు చేస్తే అన్నిటికంటె పెద్ద జరిమానా!

ఏడవ శతాబ్దంలో చైనా నుంచి మన దేశానికి వచ్చిన హ్యుయాన్ త్సాంగ్ పేరు మీరు చరిత్ర పుస్తకంలో చదివే ఉంటారు. ఆయన బయలుదేరినప్పుడు దేశం దాటి పోరాదని చక్రవర్తి ఆజ్ఞ. అనుమతి అడిగితే దొరకలేదు. బౌద్ధ గ్రంథాల కోసం ప్రాణాలకు తెగించి, ఆయన పగలు దాగి రాత్రి నడిచాడు. సరిహద్దులోని కావలి బురుజు దగ్గర నీళ్ళు పట్టుకుంటూ ఉండగా బాణాలు రివ్వున వచ్చి పక్కన పడ్డాయి! ఆయన వెళ్ళి నిజం చెప్పాడు. అక్కడి కావలి అధికారి జాలిపడి ఆయనను పోనిచ్చాడు. తరువాత గావోచాంగ్ అనే రాజ్యపు రాజు ఆయనకు దారిలోని 24 రాజ్యాల రాజులకు 24 ఉత్తరాలు రాసి ఇచ్చాడు. చేతిలో పత్రం లేనప్పుడు బాణాలు ఎదురైనవాడికి, ఉత్తరాలు ఉన్నప్పుడు తలుపులు తెరుచుకున్నాయి. ఆయన మన ఆంధ్రదేశానికి వచ్చి ధాన్యకటకాన్ని కూడా చూశాడు. 645-లో తిరిగి వెళ్ళినప్పుడు, ఆజ్ఞ మీరిన ఆ భిక్షువును చక్రవర్తి గౌరవంగా ఆహ్వానించాడు.

1914-లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేదాకా ఐరోపాలో చాలా దేశాలకు పాస్‌పోర్టు లేకుండానే వెళ్ళేవారు. యుద్ధంలో గూఢచారుల భయం వల్ల తనిఖీలు మొదలయ్యాయి. 1920-లో పారిస్ నగరంలో నానాజాతి సమితి జరిపిన సమావేశంలో, పాస్‌పోర్టులు అన్ని దేశాలలోనూ ఒకే తీరు చిన్న పుస్తకంగా ఉండాలని అనుకున్నారు.

ఇప్పుడు ఒక సరదా లెక్క! పాస్‌పోర్టులో ఫోటో ఉన్న పుటకు అడుగున రెండు వరుసలు ఉంటాయి. ఒక్కొక్క వరుసలో 44 గుర్తులు. వాటిని యంత్రం చదువుతుంది. పుట్టిన తేదీని అందులో సంవత్సరం, నెల, రోజు వరసలో ఆరు అంకెలుగా వేసి, పక్కన ఏడవ అంకె ఒకటి వేస్తారు. అది కాపలా అంకె. మన స్వాతంత్ర్య దినం 1947 ఆగస్టు 15 కనుక ఆ అంకెలు 470815. వీటిని వరసగా 7, 3, 1, 7, 3, 1 చేత గుణించండి. 28, 21, 0, 56, 3, 5 వస్తాయి. మొత్తం 113. దాన్ని 10 చేత భాగిస్తే శేషం 3. అదే కాపలా అంకె. ఎవరైనా పొరపాటున 15-ను 51 అని రాస్తే మొత్తం 121 అవుతుంది, శేషం 1 వస్తుంది. యంత్రం వెంటనే తప్పు పట్టేస్తుంది!

యంత్రం నా తప్పును మాత్రం పట్టలేదు. ఆగస్టులో మా అల్లుడు నా పాస్‌పోర్టు తిరగేస్తూ, "మామయ్యగారూ, మీ తిరుగు ప్రయాణం సెప్టెంబరు 20-న కదా? మీ గడువు 9-తోనే అయిపోతున్నదే!" అన్నాడు. నా గుండె జారిపోయింది. సెప్టెంబరు 17-న మా మనుమరాలి పుట్టినరోజు. దానికోసమే ఆ తేదీ పెట్టుకున్నాము.

గడువు దాటి ఒక్కరోజు ఉన్నా ఆ వీసా చెల్లదు. 180 రోజులు దాటి ఉండి వెళ్ళినవారు మూడేళ్ళు, ఏడాదీ ఆ పైనా ఉన్నవారు పదేళ్ళు మళ్ళీ రాకూడదు. తగిన కారణం ఉంటే గడువు లోపలే పొడిగింపుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాని నా అజాగ్రత్త తగిన కారణం అవుతుందా? టిక్కెట్లు మార్చాము. డబ్బు దండుగ అయింది.

మనుమరాలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "వారం రోజులు ఎక్కువ ఉంటే ఎవరు చూస్తారు తాతయ్యా?" అన్నది. "ఎవరూ చూడకపోయినా గంట గంటేనమ్మా! బడిలో ఆ గంట కొట్టించినవాణ్ణి నేనే కదా" అన్నాను.

సెప్టెంబరు 5-న వినాయక చవితి. అక్కడి బడికి కూడా ఆనాడు సెలవే. ఉండ్రాళ్ళతో పాటు దాని పుట్టినరోజు కూడా ఆనాడే చేశాము. మరునాడు బయలుదేరేటప్పుడు అది బంగాళాదుంపను కోసి చేసిన ముద్రను సిరాలో అద్ది నా అరచేతిలో వేసింది. "ఇది మా ఇంటి వీసా. దీనికి గడువు లేదు" అన్నది.

ఈ రోజుల్లో కొన్ని దేశాలు సిరా ముద్రలు మానివేస్తున్నాయి. ఐరోపాలో చాలా దేశాలు 2025 అక్టోబరు 12 నుంచి రాకపోకలను కంప్యూటరులో రాసుకోవడం మొదలుపెట్టాయి. అయితే ముద్ర పోయినా గడువు పోదు. మీ తాతగారో, మామ్మగారో విదేశం వెళితే, "ఎప్పటిదాకా ఉండమన్నారు?" అని మీరే అడగండి. ఈలోపల మీ పుట్టిన తేదీకి కాపలా అంకె ఎంతో లెక్క కట్టి చూడండి!