అన్నం మానిన పన్నెండు వారాలు

2017లో ఖతార్ రాజధాని దోహాలో కొందరు షుగర్ పేషెంట్లకు డాక్టర్లు ఒక కఠినమైన షరతు పెట్టారు. పన్నెండు వారాల పాటు అన్నం లేదు, రొట్టె లేదు, మాంసం లేదు. షేకులు, సూపుల లాంటి ప్యాకెట్ ఆహారంతోనే గడపాలి. అదీ రోజు మొత్తానికి 800 క్యాలరీలకు కాస్త అటూ ఇటూగా. ఆ తర్వాత మరో పన్నెండు వారాలు మామూలు తిండిని కొద్దికొద్దిగా తిరిగి మొదలుపెట్టాలి, రోజుకు పది వేల అడుగులు నడవాలి. ఒకే పెద్ద పళ్లెం చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చుని మచ్‌బూస్ అన్నం తినే చోట, గుమ్మం తొక్కిన వాణ్ణి ఖర్జూరాలూ గావా కాఫీ ఇవ్వకుండా పంపని చోట, ఈ షరతుకు ఎవరొప్పుకుంటారు? ఒప్పుకున్నారు. పైగా వాళ్ల సగటు వయసు 42. ఉద్యోగం, పిల్లల చదువులు, బంధువుల విందులు అన్నీ మీదపడి ఉండే వయసది.

ఈ ప్రయోగం పేరు డయాడెమ్-1. వెయిల్ కార్నెల్ మెడిసిన్-ఖతార్ ప్రొఫెసర్ షహ్రాద్ తాహెరి నాయకత్వంలో, హమద్ మెడికల్ కార్పొరేషన్, ప్రైమరీ హెల్త్ కేర్ కార్పొరేషన్‌ల తోడ్పాటుతో జరిగింది. ఫలితాలు 2020లో లాన్సెట్ వారి డయాబెటిస్ పత్రికలో వచ్చాయి. మొత్తం 147 మంది లెక్కలోకి వచ్చారు. అందరూ 18 నుంచి 50 ఏళ్ల లోపువాళ్లే, షుగర్ బయటపడి మూడేళ్లు దాటనివాళ్లే. సగం మందికి ఈ ఆహార నియమం, మిగతావాళ్లకు ఎప్పటిలాంటి వైద్యం. ఏడాది తిరిగేసరికి మొదటి జట్టు సగటున 12 కిలోలు తగ్గింది, రెండోది 4 కిలోలు. అసలు విశేషం అది కాదు. మొదటి జట్టులో 61 శాతం మందికి, కనీసం మూడు నెలలుగా ఏ షుగర్ మందూ వేసుకోకుండానే, గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం కంటే కిందికి దిగింది. రెండో జట్టులో అలా దిగినవాళ్లు 12 శాతం. మొదటి జట్టులో మూడింట ఒక వంతు మందికైతే రీడింగులు షుగర్ లేనివాళ్లతో సమానంగా వచ్చాయి.

షుగర్ ఒకసారి వస్తే ఇక కాటికి వెళ్లేదాకా వదలదని తరాలుగా వింటున్నవాళ్లకు ఇది మింగుడుపడని మాట. అది ఎలా వెనక్కి తగ్గిందో తెలియాలంటే ముందు ఇన్సులిన్ ఒంట్లో ఏం పని చేస్తుందో చూడాలి.

పెద్ద మనిషి ఒంట్లో సుమారు అయిదు లీటర్ల రక్తం ఉంటుంది. ఆరోగ్యవంతుడికి పరగడుపున అందులో ఉండే గ్లూకోజు సుమారు అయిదు గ్రాములే. అంటే ఒక చిన్న చెంచాడు. మధ్యాహ్నం కంచం నిండా పెట్టుకున్న అన్నంలోంచి వచ్చేది దానికి పది పదిహేను రెట్లు. అదంతా రెండు మూడు గంటల్లో రక్తంలోకి వచ్చిపడినా, రక్తంలో మాత్రం ఆ చెంచాడు దాదాపు చెంచాడుగానే ఉండాలి. పరగడుపున 90 ఉన్న ఆరోగ్యవంతుడికీ 126 ఉన్న షుగర్ పేషెంటుకూ రక్తంలోని గ్లూకోజులో తేడా రెండు గ్రాముల లోపే. ఇంత సన్నని లెక్కను నడిపించేది క్లోమంలోని బీటా కణాలు.

ఆ కణాలు షుగర్ పెరిగిందని కనిపెట్టే తీరులో తెలుగువాళ్లు గర్వపడదగ్గ ముక్క ఒకటుంది. గ్లూకోజు బీటా కణంలోకి వెళ్లి ఖర్చయినప్పుడు ఏటీపీ అనే పదార్థం పెరుగుతుంది. ఏటీపీ పెరగగానే కణం గోడలోని పొటాషియం దారులు మూసుకుంటాయి, కాల్షియం దారులు తెరుచుకుంటాయి, లోపల సిద్ధంగా ఉన్న ఇన్సులిన్ రక్తంలోకి విడుదలవుతుంది. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి లోకానికి తెలియజేసినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనిపెట్టాడు. ఈ రోజు మన ఇళ్లలో వాడే గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ మాత్రలు చేసే పని కూడా ఇదే: ఏటీపీ మూయాల్సిన పొటాషియం దారుల్ని అవి మూస్తాయి. గ్లూకోజు పెరిగిందా లేదా అన్నది వాటికి పట్టదు. అందుకే మాత్ర వేసుకుని అన్నం మానేస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి.

విడుదలైన ఇన్సులిన్ ఎక్కువసేపు ఉండదు. రక్తంలో దాని మోతాదు అయిదారు నిమిషాలకే సగానికి పడిపోతుంది. ఆ కాస్త వ్యవధిలోనే మూడు చోట్ల పని చక్కబెడుతుంది. కండరాల్లో, గ్లూకోజును లోపలికి తీసుకునే గ్లూట్-4 అనే ప్రొటీన్లను కణం పైకి రప్పిస్తుంది. కొవ్వు కణాలకు, ఉన్న కొవ్వును బయటికి వదలొద్దని చెబుతుంది. లివర్‌కేమో గ్లూకోజు తయారీ ఆపి, వచ్చినదాన్ని దాచమంటుంది. కోతలయ్యాక ధాన్యాన్ని గాదెలకెత్తించే పెద్ద రైతు అజమాయిషీ లాంటిది ఈ పని. ఇన్సులిన్ అంటే షుగర్ తగ్గించే మందు అనుకుంటాం గానీ, అసలు దాని ఉద్యోగం నిల్వ. గాదెలు నిండిపోయాక కూడా ధాన్యం వస్తూనే ఉంటే ఏమవుతుందన్నదే టైప్-2 షుగర్ కథ.

ఇక్కడే చాలామందికి ఒక సందేహం వస్తుంది. ‘రాత్రి ఏడింటికే రెండు పుల్కాలు తిని పడుకున్నాను. పొద్దున్నే పరగడుపున చూస్తే 160! ఇదెక్కణ్ణుంచి వచ్చింది?’ సొంత లివర్ నుంచే వచ్చింది. రాత్రంతా మెదడుకు గ్లూకోజు కావాలి కాబట్టి, మనం నిద్రపోతున్నప్పుడు లివర్ తాను దాచినదాన్ని వదులుతుంది, కొంత కొత్తగా తయారుచేస్తుంది. ఎంత వదలాలో చెప్పేది ఇన్సులినే. లివర్‌లో కొవ్వు పేరుకుంటే ఆ మాట సరిగ్గా చెవికెక్కదు. దాంతో అవసరానికి మించి వదిలేస్తుంది. రాత్రి భోజనం మానేసినా పొద్దుటి రీడింగు దిగకపోవడానికి కారణం ఇదే. మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా పనిచేసేది ఈ లివర్ మీదే.

మాట వినని లివర్ కోసం బీటా కణాలు మరింత ఇన్సులిన్ పోస్తాయి. ఏళ్ల తరబడి అలా పోసి పోసి అలిసిపోతాయి. షుగర్ అని డాక్టరు చెప్పే రోజుకే వాటి సత్తువలో సుమారు సగం పోయి ఉంటుంది. అయితే ఆ పోయినదంతా చచ్చిపోయినట్టు కాదని ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో రాయ్ టేలర్ బృందం 2011లో చూపించింది. పదకొండు మందికి ఎనిమిది వారాలు రోజుకు 600 క్యాలరీల ఆహారమిచ్చారు. మొదటి వారంలోనే లివర్ కొవ్వు తగ్గి పరగడుపు షుగర్ దారికొచ్చింది. ఎనిమిది వారాల్లో క్లోమంలోని కొవ్వు కూడా తగ్గి, బీటా కణాలు తిరిగి పనిలోకి దిగాయి. దోహాలో జరిగిందీ బహుశా అదే.

టైప్-1 దారి వేరు. అక్కడ బీటా కణాలను ఒంటి రక్షణ వ్యవస్థే నాశనం చేస్తుంది, ఇన్సులిన్ దాదాపు ఉండదు. కొవ్వును ఆపేవాళ్లు లేక అది కరిగి కీటోన్లుగా మారి రక్తం ఆమ్లమయమవుతుంది. 1922 జనవరి 11న టొరంటోలో పద్నాలుగేళ్ల లెనార్డ్ థాంప్సన్‌కు మొదటి ఇన్సులిన్ ఇంజక్షన్ ఇచ్చేదాకా ఈ పిల్లలకు బతుకు మీద ఆశ ఉండేది కాదు. ఆ ఇంజక్షన్ శుద్ధంగా లేక సరిగ్గా పనిచేయలేదు. జేమ్స్ కోలిప్ శుద్ధిచేసి ఇచ్చిన మందుతో జనవరి 23న మళ్లీ మొదలుపెట్టారు, కుర్రాడు తేరుకున్నాడు. ఈ రకం వాళ్లు ఆహార నియమాలు నమ్ముకుని ఇన్సులిన్ మానేస్తే ప్రాణం మీదికొస్తుంది. డయాడెమ్ ఫలితాలు వాళ్లకు వర్తించవు.

ఖతార్‌కు షుగర్ మీద ఇంత పట్టుదల ఎందుకంటే, అక్కడ 2012లో చేసిన సర్వేలో దేశ పౌరుల్లో 18 నుంచి 64 ఏళ్లవారిలో 16.7 శాతానికి షుగర్ తేలింది. అదే ఏడాది నుంచి ఫిబ్రవరి రెండో మంగళవారాన్ని జాతీయ క్రీడా దినంగా ప్రకటించి ఆ రోజు సెలవిస్తున్నారు. 2019 జనవరి 1 నుంచి కూల్‌డ్రింకుల మీద 50 శాతం, ఎనర్జీ డ్రింకుల మీద 100 శాతం పన్ను వేశారు. ఎండాకాలం నడకకు ఉమ్ అల్ సనీమ్ పార్కులో కిలోమీటరుకు పైగా ఏసీ బాట కట్టారు. రోడ్డు పక్క కొట్టులో చిక్కటి పాలు, పంచదార పోసి మరిగించే కరక్ చాయ్ మీద మాత్రం ఏ పన్నూ లేదు. తెలుగువాళ్లు పూటకొకటి తాగేది దాన్నే.

ఏడు లక్షలకు పైగా భారతీయులున్న ఆ దేశంలో జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు నుంచి, కడప, కోనసీమల నుంచి వెళ్లినవాళ్లు ఎందరో. వాళ్లకు డయాడెమ్ ఎంతవరకు పనికొస్తుంది? సూటిగా చెప్పాలంటే, అందులో భారతీయులు లేరు. పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా మూలాలున్నవారినే తీసుకున్నారు, అదీ బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 27, అంతకు పైన ఉన్నవారినే. మన దగ్గర షుగర్ అంత బరువు కోసం ఆగదు. పుణె డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్కిన్ కలిసి 2004లో లాన్సెట్‌లో తమ ఇద్దరి ఫొటో వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9 శాతం, యాజ్ఞిక్‌కు 21 శాతం! చూపుకి సన్నగా ఉండి, పొట్టలోపల, లివర్‌లో కొవ్వు మోసే ఈ శరీరతత్వం వల్లే మనవాళ్లకు షుగర్ చిన్న వయసులో, తక్కువ బరువులో వస్తోంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం భారత్‌లో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు.

దీనికి గల్ఫ్ బతుకు తోడవుతుంది. రాత్రి డ్యూటీ సెక్యూరిటీ గార్డుకు, పన్నెండు గంటలు సీట్లోనే ఉండే డ్రైవరుకు నిద్ర తక్కువ, కదలిక తక్కువ. నిద్ర తగ్గితే చాలు, ఇన్సులిన్ మాట చెల్లుబాటు తగ్గుతుంది. కండరాలు పనిచేస్తున్నప్పుడు మాత్రం ఇన్సులిన్ అవసరం లేకుండానే గ్లూట్-4 పైకొచ్చి గ్లూకోజును లాక్కుంటుంది. కాబట్టి మెస్‌లో తిన్నాక మంచమెక్కకుండా క్యాంపు చుట్టూ పావుగంట తిరిగినా లాభమే.

బతాకా (ఖతార్ నివాస కార్డు) కోసం చేసే మెడికల్‌లో పాసయ్యాం కదా, షుగరెక్కడిది అనుకునేవాళ్లు ఉన్నారు. ఆ పరీక్ష ప్రధానంగా టీబీ, హెచ్ఐవీ, హెపటైటిస్ లాంటి అంటువ్యాధుల కోసం. షుగర్ విడిగా చూపించుకోవాల్సిందే. భారత రాయబార కార్యాలయం ఆధ్వర్యంలోని ఇండియన్ కమ్యూనిటీ బెనెవొలెంట్ ఫోరమ్ కార్మికులకు ఉచిత వైద్య శిబిరాలు పెడుతుంటుంది. అక్కడో, హెల్త్ సెంటర్‌లోనో చూపించుకుంటే ఇంకో తికమక ఎదురవుతుంది. ఖతార్ రిపోర్టుల్లో షుగర్‌ను మిల్లీమోల్స్‌లో రాస్తారు. 11 అని ఉంటే ‘పదకొండేగా!’ అని కాగితం మడిచి జేబులో పెట్టుకుంటే ప్రమాదమే. దాన్ని 18తో గుణిస్తే మన మిల్లీగ్రాముల లెక్కలో 198. పరగడుపున 5.6 మన 100కు సమానం. 7 వచ్చిందంటే 126, అంటే షుగర్ గీత దాటినట్టే.

ఇన్సులిన్ వాడేవాళ్లకు అక్కడ ఎండే పెద్ద శత్రువు. వాడకంలో ఉన్న పెన్ను గది వేడిలో, 30 డిగ్రీల లోపు ఉండాలి. జూలైలో దోహా ఎండ కొన్ని రోజులు 45 దాటుతుంది, ఆపిన కారులో అంతకన్నా ఎక్కువ. ఆ వేడికి పాడైనా మందు చూడ్డానికి మామూలుగానే ఉండవచ్చు గానీ పస ఉండదు. ఉపవాసముండే ముస్లిం సోదరులైతే రంజాన్‌కు ముందే డాక్టరును కలిసి మోతాదులు మార్పించుకోవాలి. పదమూడు దేశాల్లో చేసిన ఎపిడయార్ అధ్యయనంలో రంజాన్ నెలలో షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం టైప్-1 వారిలో 4.7 రెట్లు, టైప్-2 వారిలో 7.5 రెట్లు పెరిగినట్టు తేలింది. ఇన్సులిన్‌గానీ గ్లిమిపిరైడ్‌గానీ వాడుతూ డాక్టరుకు చెప్పకుండా 800 క్యాలరీల డైట్ మొదలుపెట్టినా ఇదే ప్రమాదం.

ఊరి నుంచి మందుల సంచీ కట్టుకుని విమానమెక్కేవాళ్లకు చివరగా ఒక మాట. ఇన్సులిన్‌ను చేతి బ్యాగులోనే పెట్టుకోండి, లగేజీలో వేస్తే గడ్డకట్టి పాడైపోవచ్చు. డాక్టరు చీటీ లేకుండా ఏ మందూ తీసుకెళ్లొద్దు. షుగర్ వల్ల అరికాళ్లు మండితే మన డాక్టర్లు తరచూ రాసే ప్రీగాబలిన్, ఖతార్‌లోకి తీసుకెళ్లకూడదని దోహాలోని భారత రాయబార కార్యాలయం ప్రకటించిన మందుల జాబితాలో ఉంది. ఆ మాత్ర వాడుతున్నవాళ్లు బయల్దేరకముందే డాక్టరుకు చెప్పి వేరేది రాయించుకోండి.