ది స్పెక్టేటర్ (1711 నాటి పత్రిక)

ది స్పెక్టేటర్ 18వ శతాబ్దపు ఆరంభంలో లండన్ నగరం నుండి వెలువడిన ఆంగ్ల దినపత్రిక. జోసెఫ్ అడిసన్ (1672-1719), రిచర్డ్ స్టీల్ (1672-1729) దీనిని నడిపారు. 1711 మార్చి 1న మొదలై 1712 డిసెంబరు 6 వరకు, ఆదివారాలు మినహా ప్రతిదినమూ, మొత్తం 555 సంచికలుగా వెలువడినది. 1714లో అడిసన్ దీనిని పునరుద్ధరించగా మరి 80 సంచికలు వచ్చాయి. వార్తలకు బదులు సంచికకొక వ్యాసం ఉండడం దీని ప్రత్యేకత. మనుష్య స్వభావాన్ని, ముఖ్యంగా మనిషిలోని డాంబికాన్ని, నవ్విస్తూ పరిశీలించిన వ్యాసాలుగా ఇవి ప్రసిద్ధి చెందాయి. 1828లో స్థాపించబడిన అదే పేరు గల వారపత్రిక వేరు.

స్వరూపం

వ్యాసాలన్నీ మిస్టర్ స్పెక్టేటర్ అనే కల్పిత వ్యక్తి పేరున సాగుతాయి. ఇతడు మితభాషి. కాఫీ గృహాలలో కూర్చుండి లోకాన్ని గమనించడమే ఇతని పని. ఇతని మిత్రమండలిలో గ్రామీణ భూస్వామి సర్ రోజర్ డి కవర్లీ, వర్తకుడు సర్ ఆండ్రూ ఫ్రీపోర్ట్, సైనికాధికారి కెప్టెన్ సెంట్రీ, వయసు మళ్ళినా షోకు తగ్గని విల్ హనీకోంబ్, ఒక న్యాయవాది, ఒక మతాచార్యుడు ఉన్నారు. దినమునకు 3,000 ప్రతులు పోవుచున్నవనీ, ప్రతికి 20 మంది చొప్పున 60,000 మంది చదువుచున్నారనీ 10వ సంచికలో అడిసన్ లెక్క వేశాడు.

డాంబికంపై వ్యాసాలు

275వ వ్యాసం (1712 జనవరి 15) ఒక సొగసుకాని తలను కోసి పరీక్షించినట్లు వచ్చిన కలను వర్ణిస్తుంది. మెదడు అరలలో రిబ్బన్లు, ప్రేమలేఖలు, ముఖస్తుతులు, అబద్ధాలు కనబడతాయి. ఆత్మకు నివాసమని ఆనాటి తత్త్వవేత్తలు కొందరు భావించిన పినియల్ గ్రంథి చుట్టూ వేలకొలది చిన్న అద్దాలుంటాయి. అక్కడ ఆత్మ అనేది ఉండి ఉంటే, అది నిత్యమూ తన అందాన్నే చూచుకొంటూ గడిపి ఉండాలని రచయిత ఊహ. వారం తరువాత వచ్చిన 281వ వ్యాసంలో ఒక వగలాడి హృదయాన్ని పరీక్షిస్తారు. పొరలన్నీ ఒలిచి చూడగా నడుమ కనిపించేది ఆ సొగసుకాని బొమ్మే.

112వ వ్యాసం (1711 జులై 9) లోని హాస్యం మరింత సున్నితమైనది. సర్ రోజర్ తన ఊరి చర్చిలో ఎవరినీ నిద్రపోనివ్వడు. తాను మాత్రం కునుకు తీసి, మేలుకొన్న వెంటనే ఇంకెవరైనా తూగుచున్నారేమోనని చూస్తాడు.

స్త్రీల విసనకర్రలు, అలంకరణల వంటివి కూడా తరచు హాస్యానికి గురి అయ్యాయి. పత్రిక స్త్రీల విషయాలను అదేపనిగా పట్టుకొని ఉండడాన్ని జొనాథన్ స్విఫ్ట్ 1712లో ఒక లేఖలో ఎగతాళి చేశాడు.

హాస్యానికి హద్దు

34వ వ్యాసం (1711 ఏప్రిల్ 9) పత్రిక యొక్క నీతిని తెలుపుతుంది. అందులో మిత్రమండలి సభ్యులే రచయితకు అభ్యంతరం చెబుతారు. హనీకోంబ్ గొప్పింటివారి జోలికి పోవద్దంటాడు. వర్తకుడు నగర వ్యాపారులను వదలి రాజాస్థానపు విలాసాలను విమర్శించమంటాడు. న్యాయవాది న్యాయవాదులను, సర్ రోజర్ భూస్వాములను, కెప్టెన్ సైన్యాన్ని మినహాయించమంటారు. అందరికీ విమర్శ కావలసినదే, అయితే అది పక్కవారికి. ఇద్దరు భార్యలలో ఒకతె నెరసిన వెంట్రుకలను, మరొకతె నల్ల వెంట్రుకలను పీకివేయగా బోడితల మిగిలిన మనిషితో రచయిత తన స్థితిని పోల్చుకొంటాడు. చివరకు మతాచార్యుని అండతో ఎవరినీ మినహాయించరాదని నిశ్చయించుకొంటాడు. అయితే ఏ వ్యక్తినీ గురిపెట్టనని, కనీసం వేయిమందికి వర్తించని దోషాన్ని చిత్రించనని మాట ఇస్తాడు.

తెలుగు సాహిత్యంపై ప్రభావం

పానుగంటి లక్ష్మీనరసింహారావు (1865-1940) తన సాక్షి వ్యాసాలకు ఈ పత్రికను ఆదర్శంగా గ్రహించాడు. పేరు కూడా ఆ అర్థాన్నే ఇస్తుంది. మిత్రమండలి స్థానంలో ఇందులో సాక్షి సంఘం ఉంది. అయితే మిస్టర్ స్పెక్టేటర్ మౌనంగా చూచేవాడు కాగా, సాక్షి సంఘపు జంఘాలశాస్త్రి సభలో గొంతెత్తి ఉపన్యసించేవాడు. ఈ వ్యాసాల వలన పానుగంటికి ఆంధ్ర అడిసన్ అనే పేరు వచ్చింది.