అంగన్‌వాడీ చదువుకు రుసుము చెల్లించువారెవరు?

“టీచరమ్మా, నెలకెంత కట్టాల?” అని, మూడేండ్ల బిడ్డను చంకనెత్తుకొని అంగన్‌వాడీ గుమ్మమున నిలిచిన యొక కూలిపని చేయు తల్లి, కొంగుముడి విప్పుచు నడుగగా వింటిని. “కట్టేదేం లేదమ్మా, రేపు ఆధార్ కార్డు పట్టుకురా, పేరు రాసుకుంటా” అని టీచరు చెప్పినను, ఆ తల్లి ముఖమున సంతోషమునకు మారుగా సంశయమే పొడసూపినది. వెల లేనిచోట చదువుండదను అపోహ అంత బలవత్తరమైనది. దానివలననే ఎందరో నిరుపేదలు అప్పుచేసియైనను పిల్లలను ప్రైవేటు నర్సరీలకు పంపుచున్నారు.

వాస్తవమేమనగా, ఈ చదువునకును వెల యున్నది. అది ముందుగానే వసూలైనది. 1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో ఆరంభమై, ఈ అంగన్‌వాడీలకు మూలమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము ప్రజల పన్నులతో నడచునది. ఒంటిసబ్బు కొన్నప్పుడును, కాలిచెప్పులు కొన్నప్పుడును ఆ తల్లియు పన్ను కట్టుచునే యున్నది గదా! కావున ఆమె బిడ్డ పళ్లెములోని ఉడికిన గ్రుడ్డు ఎవరో వేసిన భిక్ష కాదు. ఆరునెలలు మొదలు ఆరేండ్ల వరకు గల బిడ్డకు అంగన్‌వాడీ ద్వారా ఉచితాహారము హక్కని 2013 నాటి ఆహార భద్రతా చట్టమే చెప్పుచున్నది.

అంతయు ఢిల్లీయే భరించుచున్నదనుట మరియొక అపోహ. మన తెలుగు రాష్ట్రములలో ఈ పథకపు సాధారణ వ్యయమున నూటికి 40 వంతులును, పోషకాహారమున సగమును రాష్ట్రమే భరింపవలెను.

వీనికంటె ప్రమాదకరమైనది, బడిచదువువలెనే పూర్వప్రాథమిక విద్యయు చట్టము హామీ యిచ్చిన హక్కే యను భ్రమ. రాజ్యాంగకర్తలు 45వ అధికరణమున, పదునాలుగేండ్లు నిండువరకు బాలలందరికిని ఉచిత విద్య యని వ్రాసిరి; క్రింది వయఃపరిమితి నేదియు పెట్టలేదు. 2002 నాటి 86వ సవరణ ఆరునుండి పదునాలుగేండ్లవారికి ప్రాథమిక హక్కు నొసగి, ఆరేండ్లలోపు పసివారిని ఆదేశిక సూత్రములలోనే నిలిపివేసినది. 2009 విద్యాహక్కు చట్టపు 11వ సెక్షను, మూడేండ్లు దాటినవారికి ఉచిత పూర్వప్రాథమిక విద్యకై ప్రభుత్వము ఏర్పాట్లు “చేయవచ్చును” అన్నదే కాని, “చేయవలెను” అనలేదు. ఆ యొక్క మాట మారవలెనని నా దృఢాభిప్రాయము. పసివాని నాలుక మాటలకును, వ్రేళ్లు బలపమునకును అలవడు వయస్సును ప్రభుత్వముయొక్క ఇష్టాయిష్టములకు వదలుట న్యాయము కాదు.

ఇక టీచరునకు సర్కారు జీతము పుష్కలముగా నున్నదను మాట. ఆమెకు వచ్చునది జీతము కాదు, “గౌరవ వేతనము”. 2018 అక్టోబరులో కేంద్రము దానిని 3,000 నుండి 4,500 రూపాయలకు పెంచినది; ఆపై రాష్ట్రములు తమ వంతు కలుపుచున్నవి. ఈ టీచర్లకును, ఆయాలకును గ్రాట్యుటీకి అర్హత కలదని 2022లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసి వచ్చినది. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశమున వారు సమ్మెకు దిగినప్పుడును ఆ గ్రాట్యుటీయే వారి కోరికలలో నొకటి. బిడ్డ తల్లి చెల్లింపని రుసుములో కొంత, నేలమీద చాప పరచి అక్షరములు దిద్దించు ఈ స్త్రీల కష్టమునుండియే చెల్లుచున్నది.