పరుగు నేర్చువారికి ఏ సాధన మేలు?



తెల్లవాఱక మునుపే ఊరి వెలుపలి బాట వెంట నడచు పెద్దలకు ఒక దృశ్యము పరిచితమే. ఇరువది యేండ్ల పిల్లలు రొప్పుచు పరుగెత్తుచుందురు. పోలీసు కానిస్టేబులు ఉద్యోగమున కొందఱు, సైన్యమున జేరుటకు కొందఱు ప్రయత్నించుచుందురు. ఆ పరీక్షలలో 1,600 మీటర్ల పరుగు కలదు. దానిని గడువులోపల ముగింపలేనివాడు చదువున ఎంతటివాడైనను ఇల్లు చేరవలసినదే. వారిని జూచి మనము “ఇంకను వేగముగా” అని ప్రోత్సహింతుము. అట్లు ప్రోత్సహించి చెఱచినవారిలో నేనొకడను. అందుచేతనే నేడు ఈ విషయమును గూర్చి మాటలాడ సాహసించుచున్నాను.

నా తమ్ముని మనుమడు “తాతయ్యా, ఎట్లు సాధన చేయుదును?” అని నన్నడిగెను. “పరీక్షలో ఎంత దూరమో దినమును అంత దూరమే, ఉన్న బలమంతయు బెట్టి పరుగెత్తుము. నేను గడియారము చూచెదను” అంటిని. మొదటి మూడు వారములు వాని వేగము పెరుగుచు వచ్చెను. నేను పొంగిపోయితిని. నాలుగవ వారమున మోకాలి క్రింద ముందరి యెముక నొప్పి యనెను. “ఆ మాత్రమునకే వెనుదీయుదువా?” అని మందలించితిని. ఆఱవ వారమున వాడు కాలు నేల మోపలేకపోయెను. ఎముక సన్నగా చిట్లినదని వైద్యుడు చెప్పెను. పరీక్ష దినమున వాడు ఇంట మంచముపై కూర్చుండెను. నన్నొక్క మాటయు అనలేదు. అదియే నన్ను మిక్కిలి బాధించినది.

ఇట్లేల జరిగినది? క్రొత్తగా పరుగెత్తువాని గుండె, ఊపిరి, కండరములు కొలది వారములలోనే బలపడును. ఎముకలు బలపడుటకు నెలలు పట్టును. క్రొత్త బరువు పడినప్పుడు శరీరము పాత యెముకను కొంత తొలగించి, ఆ తావున గట్టిదానిని కట్టును. తొలగించుట ముందు, కట్టుట వెనుక. ఈ నడిమి కాలమున ఎముక మునుపటికంటె బలహీనము. పాతగోడ విప్పి క్రొత్తది కట్టుచుండగా దానిపై దూలము నెత్తినచో ఏమగునో మీకు తెలియును. ఊపిరి “పొమ్ము” అనును, ఎముక “నిలువు” మనును. కుఱ్ఱవానికి ఊపిరి మాటయే వినబడును.

ఇది క్రొత్త సంగతి కాదు. 1855లోనే ప్రష్యా దేశపు సైనిక వైద్యుడు బ్రైట్‌హౌప్ట్, దూరపు నడకలు నడచిన సైనికుల పాదములు వాచి నొప్పించుటను వర్ణించెను. అది ఎముక చిట్లుటయని తరువాత ఎక్స్‌రే వచ్చినపిదప తేటపడెను.

మఱి ఏ సాధనను ఎన్నుకొనవలెను? కొందఱు పిల్లలు మహావీరుల పద్ధతిని అనుకరింతురు. 1952లో హెల్సింకీ ఒలింపిక్ పోటీలలో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాను మూడింటిని గెలిచిన చెకోస్లోవేకియా వీరుడు ఎమిల్ జాటోపెక్, 400 మీటర్ల పరుగును ఒక్క దినముననే పదులకొలది పర్యాయములు చేయుచుండెను. అది ఏండ్ల తరబడి గట్టిపడిన దేహమునకు చెల్లును గాని, నిన్న మొదలిడినవానికి చెల్లదు.

న్యూజీలాండు దేశమున ఆర్థర్ లిడియార్డ్ అను శిక్షకుడుండెను. చెప్పులు తయారుచేయు కర్మాగారమున పనిచేసినవాడు. ఆయన శిష్యుడు పీటర్ స్నెల్ 1960లో రోము ఒలింపిక్ పోటీలలో 800 మీటర్ల పందెము గెలిచెను. రెండు నిమిషములలోపల ముగియు ఆ పందెమునకై అతడు కొండబాటల వెంట 22 మైళ్ళ దూరపు పరుగులు చేసినవాడు. ముందు నిదానపు పరుగుతో పునాది, దానిపైననే వేగము. మన పిల్లలు ఆ మైళ్ళను అనుకరింపనక్కఱలేదు, ఆ క్రమమును గ్రహించిన చాలును.

ఈ క్రమము మనకు తెలియనిదియు కాదు. కోడెగిత్తను కాడికి అలవఱచునప్పుడు తొలిదినముననే నిండుబండి కట్టుదుమా? తేలికపాటి దుంగను లాగించి, మెడ కాయ కాచినపిదపనే బరువు పెంచుదుము.

ఇంగ్లండు ప్రభుత్వ ఆరోగ్యశాఖవారు క్రొత్తవారి కొఱకు తొమ్మిది వారముల పద్ధతి నొకదానిని ప్రచారము చేయుచున్నారు. వారమునకు మూడు దినములే సాధన, నడుమ విశ్రాంతి. మొదటి వారమున ఐదు నిమిషములు చుఱుకుగా నడచి, పిదప ఒక నిమిషము పరుగు, ఒకటిన్నర నిమిషము నడక, ఇట్లు ఇరువది నిమిషములు. క్రమముగా నడక తగ్గి, తొమ్మిదవ వారమునకు ముప్పది నిమిషములు ఆగక పరుగెత్తగలుగుదురు. ఎంత నిదానము? ప్రక్కవానితో రొప్పక ఒక పూర్తి వాక్యము మాటలాడగలిగినంత. ఆ పిదప రెండు మూడు నెలలు ఆ పరుగునే కొంత పెంచి, వారమునకు ఒక్క దినము మాత్రము 400 మీటర్లు వేగముగా, నడుమ నడచుచు, నాలుగు మాఱులు చేయించినచో వేగమును వచ్చును. ఇది ఆడుపిల్లలకును సమానమే.

పెద్దలు కనిపెట్టవలసిన గుఱుతులు రెండు. కండరముల సలుపు రెండు మూడు దినములలో పోవును. ఎముకపై ఒక్కచోట వ్రేలితో నొక్కిన నొప్పించుచు, విశ్రాంతిగా నున్నప్పుడును తగ్గనిచో పరుగు మానిపించి వైద్యునికి చూపవలెను. ఎండలో పరుగెత్తినవాడు తడబడి మాటలాడుచు, ఒడలు కాలిపోవుచుండినచో వెంటనే నీడకు జేర్చి, ఒంటినిండ నీళ్ళు పోసి, విసరుచు, ఆసుపత్రికి కొనిపోవలెను.

ఇక తుదిమాట. ఉద్యోగ ప్రకటన వెలువడిన పిదప మొదలిడువానికి నిదానించు తీఱిక యుండదు. ఎముక గట్టిపడుటకు కావలసిన నెలలు గడియారమును చూచి కుదించుకొనవు. కావున మీ యింట అట్టి యాశగల పిల్లలున్నచో ప్రకటనకు కాచుకొనక నేడే మొదలిడుమని చెప్పుడు. మొదలిడిన తరువాత తొందరపెట్టకుడు. మా వాడు మఱుసటి యేట నడకతోనే మరల ఆరంభించెను. ఈ మాఱు నేను గడియారము నింటనే యుంచి, వాని ప్రక్క మాటలాడుచు నడచితిని. వాడు పరుగందుకొని నన్ను దాటిపోయిన దినమున నేను “వేగముగా” అని కేక వేయలేదు.