పొలం పనిముట్ల షెడ్డులో పుట్టిన మంచుబండి
కొత్త యంత్రం కొనే రైతులు తెలుసుకోదగ్గ సంగతులు

మంచు మీద నడిచే బండికీ, మన రెండెకరాల సేద్యానికీ ఏం సంబంధం అనుకోకండి. ఆ బండి పుట్టింది పొలం పనిముట్లు చేసే షెడ్డులోనే.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో రోజో అనే చిన్న ఊరుంది. పొలారిస్ కంపెనీ అక్కడిదే. ఎడ్గర్ హెటీన్, ఆలన్ హెటీన్, డేవిడ్ జాన్సన్ కలిసి నడిపిన ఆ వర్క్‌షాపులో గడ్డిని ముక్కలు చేసే యంత్రాలు తయారయ్యేవి. చలికాలమంతా అక్కడ మంచే. నడిచి పోవడం కష్టం. 1955-56 చలికాలంలో జాన్సన్, తోటి పనివాళ్లు కలిసి మంచుబండి కట్టారు. ధాన్యం ఎక్కించే కన్వేయరు పట్టా వెనక తిరిగేందుకు, పాత షెవర్లే కారు బంపరు ముందు జారేందుకు వాడారు. మన దగ్గర వరి కోసే చైను మిషను బురదలో దిగబడకుండా పోయేది ఇలాంటి పట్టా మీదే. జీతాలకు డబ్బు కావాల్సి వచ్చి ఆ మొదటి బండిని ఊళ్లోని కలప వ్యాపారికి 465 డాలర్లకు అమ్మేశారు.

నడిపి చూడటమే పరీక్ష

బండి మీద జనానికి నమ్మకం కుదరాలిగా! 1960లో ఎడ్గర్ హెటీన్ మరికొందరితో కలిసి అలాస్కా మంచులో వెయ్యి మైళ్లకు పైగా బళ్లు నడిపాడు. సుమారు మూడు వారాలు పట్టింది.

మంచుబండి ఒంటికారు పంట లాంటిది. మంచు పడని ఏడాది అమ్మకం పడిపోతుంది. అందుకే కంపెనీ వేరే బళ్ల మీదా దృష్టి పెట్టింది. 1985లో నాలుగు చక్రాల ఏటీవీలు తెచ్చింది. 1998లో విక్టరీ మోటారు సైకిలు వచ్చింది. దాని ఇంజను 1507 సీసీ. దాన్ని తయారుచేసే ముందు ఇంజనీర్లు ఇతర కంపెనీల బళ్లు తెచ్చి, నడిపి, పోల్చి చూసుకున్నారు.

గిట్టకపోతే ఆపేస్తారు

ఇంత చేసినా విక్టరీ గిట్టలేదు. 2017 జనవరిలో ఆపేస్తున్నట్టు ప్రకటించారు. విడిభాగాలు మాత్రం పదేళ్లు ఇస్తామని మాటిచ్చారు.

ఇదే కంపెనీ ఐషర్‌తో కలిసి మన దేశంలోనూ ఒక బండి తెచ్చింది. పేరు మల్టిక్స్. జైపూర్ దగ్గర తయారై 2015లో మార్కెట్లోకొచ్చింది. ఇంటిల్లిపాదీ ఎక్కొచ్చు, సరుకు వేసుకోవచ్చు, దాని కరెంటుతో ఇంట్లో దీపాలు వెలిగించుకోవచ్చు, మోటారు ఆడించుకోవచ్చు. ఆలోచన మంచిదే. అమ్మకాలు లేక 2018లో మూసేశారు.

కంపెనీ తయారీ ఆపినా, మీరు కట్టాల్సిన బ్యాంకు కిస్తీ ఆగదు. అందుకని కొత్త యంత్రానికి అడ్వాన్సు ఇచ్చే ముందు ఇవి చూసుకోండి:

* మీ పొలంలోనే, మీ పైరులోనే నడిపి చూపించమనండి. షోరూం ముందు తిప్పి చూపితే సరిపోదు.
* బెల్టులు, బేరింగులు దగ్గర్లోని టౌనులో దొరుకుతాయా? బాగుచేసే మెకానిక్కు ఉన్నాడా?
* తయారీ ఆపేస్తే ఎన్నేళ్లు విడిభాగాలు ఇస్తారో కాగితం మీద రాయించుకోండి.
* ఏడాదిలో ఎన్ని రోజులు పని ఉంటుందో లెక్కేసుకోండి. పది, పదిహేను రోజులే అయితే కిరాయికి తెచ్చుకోవడమే మేలు. లేదా నలుగురు కలిసి కొనండి.