ముక్కు మూయాలి, ఊపిరి మాత్రం బిగబట్టకూడదు

అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవిలో పొద్దున్నే కనిపించే దృశ్యం ఇది. నడుము లోతు నీళ్లలో కొందరు వరసగా నిలబడి, మాస్కు మీదుగా ముక్కు పట్టుకుని బుగ్గలు ఉబ్బేలా ఊదుతుంటారు. వీపున సిలిండరు, నడుముకు సీసపు దిమ్మల బెల్టు. శిక్షకుడు చేతిసైగలు నేర్పుతూనే హెచ్చరికలు చేస్తుంటాడు: చెవి నొప్పి మొదలవకముందే ముక్కు మూసి ఊదాలి, ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు, అడుగున దేన్నీ ముట్టుకోకూడదు.

సరదాగా గడపడానికి వచ్చినవాళ్లకు ఈ ఆంక్షలన్నీ ఎందుకో అర్థం కాదు. నిజానికి ఇక్కడ ఏ ఆట ఎప్పుడు, ఎంతసేపు ఆడాలో తేల్చేది సూర్యుడూ చంద్రుడూ, నీటి ఒత్తిడీ, కంటికి ఆనని జీవులూను. టూరు ప్యాకేజీ వాటి వెనకాల నడవాల్సిందే.

ముందు సూర్యుడి సంగతి. మన దేశమంతటికీ గడియారం ఒక్కటే. దానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకు దగ్గరగా పోతుంది. అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్, అంటే 2024 నుంచి శ్రీ విజయపురం, ఆ రేఖకు పది డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున సూర్యుడు అక్కడ 40 నిమిషాలు ముందుంటాడు. డిసెంబరులో సాయంత్రం ఐదింటికే పొద్దు గుంకుతుంది. పడవలు తెల్లవారగానే కదిలేదీ, హేవ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయం చూడదలిచినవాళ్లు భోజనం కాగానే బయల్దేరాల్సి వచ్చేదీ ఇందుకే. దారి అడగడానికి పెద్దగా భాషా సమస్య ఉండదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మంది తెలుగువాళ్లు.

ఇక నీళ్లలోకి. సముద్రమట్టం దగ్గర మన మీద గాలి ఒత్తిడి ఒక అట్మాస్ఫియర్. నీళ్లలో ప్రతి 10 మీటర్లకూ అంతే ఒత్తిడి అదనంగా కలుస్తుంది. మొదటి 10 మీటర్లు దిగేసరికి ఒత్తిడి రెట్టింపవుతుంది. అక్కడి నుంచి 20 మీటర్లకు వెళ్తే పెరిగేది సగమే. కాబట్టి చెవుల బాధ ఎక్కువగా పైనున్న నాలుగైదు మీటర్లలోనే. బయటి ఒత్తిడికి కర్ణభేరి లోపలికి వంగుతుంది. దాని వెనకున్న ఖాళీని గొంతుతో కలిపే సన్నని యూస్టేషియన్ నాళం సాధారణంగా మూసుకునే ఉంటుంది. ముక్కు మూసి మెల్లగా ఊదితే అది తెరుచుకుని, లోపలికి గాలి చేరి, రెండు వైపులా ఒత్తిడి సమానమవుతుంది. జలుబుంటే ఆ నాళం వాచి తెరుచుకోదు. అలాంటి రోజున డైవింగ్ మానుకోవాలి.

సిలిండరులో ఆక్సిజన్ ఉంటుందని చాలామంది అనుకుంటారు. సాధారణంగా ఉండేది మనం పీల్చే మామూలు గాలే. కాకపోతే 200 అట్మాస్ఫియర్ల దాకా కుక్కి నింపుతారు. నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్ దాన్ని ఆ లోతులోని నీటి ఒత్తిడికి సరిసమానం చేసి అందిస్తుంది. ఇప్పుడు ఎవరైనా 10 మీటర్ల లోతున నిండా గాలి పీల్చి, భయపడి, ఊపిరి బిగబట్టి పైకి వచ్చారనుకుందాం. పైన ఒత్తిడి సగమే కనుక లోపలి గాలి రెట్టింపు చోటు కావాలంటుంది. 1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన సూత్రమిదే. ఊపిరితిత్తులకు అంత సాగే గుణం లేదు, చిరిగిపోతాయి. అనుభవం లేనివాళ్లను 12 మీటర్లు దాటనివ్వకపోవడానికీ, శిక్షకుడు చేయి వదలకపోవడానికీ ఇదొక కారణం.

లోతుకు వెళ్లేకొద్దీ రంగులూ మారతాయి. నీళ్లు ముందుగా మింగేసేది ఎరుపునే. ఐదారు మీటర్లు దిగేసరికే ఎర్ర చొక్కా వెలవెలబోతుంది, ఇంకా దిగితే గోధుమరంగుకు తిరుగుతుంది. టార్చి వేస్తే చాలు, ఎదురుగా బూడిదరంగులో కనిపిస్తున్న పగడం ఒక్కసారిగా ఎర్రగా మెరుస్తుంది. చేపలు ఉన్నదానికన్నా పెద్దగా, దగ్గరగా కనిపించడం మాస్కు పని. నీటిలోంచి మాస్కులోని గాలిలోకి వచ్చేటప్పుడు వెలుగు వంగడం వల్ల ఆ భ్రమ.

ఆ పగడాన్నే ముట్టుకోవద్దనేది. చూడ్డానికి రాయి. పైన పలచని పొరగా అల్లుకున్నది మాత్రం వేలాది చిన్న జంతువులు. వాటి కణజాలంలో ఏకకణ శైవలాలు కాపురముంటాయి. ఎండతో ఆహారం తయారుచేసి, అందులో ఎక్కువ భాగం పగడానికే ఇస్తాయి. పగడం రంగు కూడా చాలావరకు వాటిదే. నీళ్లు మామూలుకన్నా ఒక డిగ్రీ ఎక్కువ వేడెక్కి వారాల తరబడి అలాగే ఉంటే ఈ పొత్తు చెడుతుంది. శైవలాలు బయటికి పోతాయి, పగడం తెల్లగా పాలిపోతుంది. 2010 వేసవిలో అండమాన్ పగడాలకు పెద్దయెత్తున జరిగింది ఇదే. సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతలను ఉపగ్రహాలతో గమనిస్తూ ఇలాంటి ముప్పును ముందే హెచ్చరించే సంస్థ ఇన్‌కాయిస్ ఉన్నది సముద్రానికి దూరంగా, హైదరాబాదులో.

గుండ్రాయిలా పెరిగే పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరే ఎదుగుతుంది. అలసిన ఈతగాడు కాసేపు నిలబడదామని దాని మీద కాలు మోపితే, కొన్నేళ్ల పెరుగుదల పాదం కింద నలిగిపోతుంది. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఒడ్డున దొరికిన చచ్చిన ముక్కను సంచిలో వేసుకున్నా నేరమే.

మిగతా ఆటలకు చంద్రుడు టైంటేబుల్ వేస్తాడు. పోటుకూ పోటుకూ మధ్య 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అంటే ఈ రోజు పాటు వేళ కన్నా రేపటిది సుమారు 50 నిమిషాలు ఆలస్యం. నీల్ దీవిలో రాతి వంతెన కిందికి నడిచి వెళ్లాలంటే నీళ్లు తీసే వేళే వెళ్లాలి. ఉత్తరాన డిగ్లీపూర్ దగ్గర రాస్, స్మిత్ దీవులను కలిపే ఇసుకతిన్నె కూడా పాటులోనే బయటపడుతుంది. దీవుల చుట్టూ తిరిగి రెండు వైపుల నుంచీ వచ్చే అలలు నడుమ ఇసుకను వదిలేయడం వల్ల ఏర్పడిన బాట అది. ఈ ప్రాంతంలో నేల కూడా నిలకడగా ఉండదు. 2004 డిసెంబరు 26 భూకంపంలో ఉత్తర అండమాన్ తీరం పైకి లేచి పగడపు దిబ్బలు నీటిపైకి వచ్చి చచ్చిపోయాయి. నికోబార్ దక్షిణ కొసన ఇందిరా పాయింట్ 4 మీటర్లకు పైగా కుంగింది.

అమావాస్య చుట్టుపక్కల రాత్రుల్లో హేవ్‌లాక్‌లో కయాక్‌లకు గిరాకీ. మడ అడవుల మధ్య చీకట్లో తెడ్డు ముంచగానే నీలం వెలుగు చిమ్ముతుంది. డైనోఫ్లాజెల్లేట్లనే ఏకకణ జీవుల పని అది. నీటి కదలికకు కణం పొర నొక్కుకోగానే లోపల ఆమ్లత పెరుగుతుంది. లూసిఫెరేజ్ ఎంజైము లూసిఫెరిన్‌ను ఆక్సిజన్‌తో కలుపుతుంది. సెకనులో పదో వంతు సేపు ఒక మెరుపు. తనను తినవచ్చిన చిన్న జీవి ఆ వెలుగులో పెద్ద చేపకు దొరికిపోతుందని, అంటే ఇది దొంగల అలారం లాంటిదని శాస్త్రజ్ఞుల ఊహ. అయితే ఉప్పునీటి మొసళ్లకు కూడా మడ అడవులే ఇల్లు. 2010లో హేవ్‌లాక్ దగ్గరే స్నార్కెలింగ్ చేస్తున్న ఒక పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. మొసలి బోర్డు ఉన్నచోట నీళ్లలో దిగకూడదు.

బారాతాంగ్ సున్నపురాయి గుహల్లోనూ ముట్టుకోవద్దనే మాటే. బొర్రా గుహల్లో లాగే ఇక్కడా నీటిబొట్టు వెనకే సున్నం పేరుకుంటూ కొమ్ము దిగుతుంది, ఏడాదికి మిల్లీమీటరులో ఏ పదో వంతో. చేతి జిడ్డు అంటితే ఆ చోట సున్నం పట్టదు. అక్కడికి పోయే రోడ్డు జారవా తెగ అడవిలోంచి సాగుతుంది. వాహనాలు పోలీసు కాన్వాయ్‌లోనే కదలాలి, ఆగకూడదు, ఫోటోలు తీయకూడదు. వేల ఏళ్లు విడిగా బతికినవాళ్లకు మన మామూలు రోగాలను ఎదుర్కొనే శక్తి తక్కువ. బయటివారితో కలవడం మొదలైన కొద్ది కాలానికే, 1999లో, జారవాల్లో తట్టు వ్యాపించింది.

మళ్లీ డైవింగ్ దగ్గరికి వస్తే, దిగేముందు నింపే ఫారంలో తిరుగు విమానం ఎప్పుడని అడుగుతారు. లోతున పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలో, కొవ్వులో ఎక్కువగా కరుగుతుంది. ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే అది బుడగలు కట్టి కీళ్లనూ నరాలనూ దెబ్బతీస్తుంది. విమానం లోపలి ఒత్తిడి రెండు వేల మీటర్ల కొండ మీద ఉన్నంతే. కాబట్టి చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు విడవాలని, ఒక్కసారే దిగినవాళ్లకు 12 గంటలు చాలని డైవింగ్ సంస్థల సూచన. డైవింగ్‌ను మొదటి రోజుల్లోనే ముగించి, సెల్యులార్ జైలునూ సముద్రిక మ్యూజియాన్నీ ఆఖరి రోజుకు ఉంచుకుంటే సరిపోతుంది. ఓడలో విశాఖపట్నం చేరేవాళ్లు ప్రయాణమంతా సముద్రమట్టంలోనే ఉంటారు కనుక వాళ్లకు ఈ లెక్కతో పనిలేదు.