తిట్టు ఎక్కడ పుట్టింది?



నల్లా కాడ నీళ్ల కోసం లొల్లి అయితది. బీడీల లెక్క తప్పితే లొల్లి అయితది. లొల్లిలో నోటికి వచ్చిన మాట అనేస్తం. ఆ మాటకు అర్థం ఏమిటో ఆగి చూడం. ఇప్పుడు మనకు చదువు వచ్చింది. కొన్ని మాటలను విప్పి చూద్దాం.

'వెధవ' అనే తిట్టు అందరికీ తెలుసు. కొందరు పిల్లలను ముద్దుగా కూడా అట్లనే పిలుస్తరు. ఇది 'విధవ' అనే సంస్కృతం మాట నుంచి వచ్చింది. విధవ అంటే భర్త చనిపోయిన ఆడమనిషి. హిందీలో 'విధవా' అంటరు. ఇంగ్లీషులో 'విడో' అంటరు. అన్నీ ఒకే వేరు నుంచి పుట్టినయి. చూడండి, మగవాన్ని తిట్టాలన్నా భర్త పోయిన ఆడదానితోనే పోల్చిన్రు! భార్య పోయిన మగవానికి పుస్తకాలలో 'విధురుడు' అనే మాట ఉంది. ఆ మాటతో ఎవరినైనా తిట్టంగ విన్నారా?

'ముండ' అనే మాట ఇంకా కఠినం. ముండనం అంటే గుండు గీయడం. వెనుకట బ్రాహ్మణుల వంటి కొన్ని కులాలలో భర్త పోతే భార్యకు గుండు గీసేవారు. శుభకార్యాలకు రానిచ్చేవారు కాదు. చిన్నప్పుడే పెండ్లి అయి, కాపురానికి పోకముందే భర్తను పోగొట్టుకున్న పిల్లలకు కూడా మళ్లీ పెండ్లి లేదు. 1856లో వితంతువులు పెండ్లి చేసుకోవచ్చని చట్టం వచ్చింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులు అట్లాంటి పెండ్లి దగ్గరుండి జరిపించిన్రు. కష్టం చేసుకునే కులాలలో చాలాచోట్ల మారుమనువు ముందు నుంచే ఉంది. గుండు గీసే ఆచారం లేదు. అయినా ఆ తిట్టు మాత్రం మన వాకిట్లకు వచ్చి కూర్చున్నది.

'గొడ్రాలు' కూడా ఇట్లాంటిదే. గొడ్డు అంటే ఈననిది, కాయనిది. పిల్లలు కాకపోవడానికి లోపం మగవానిలో కూడా ఉండవచ్చు. అందుకే డాక్టర్లు ఇద్దరికీ పరీక్షలు చేస్తరు. తిట్టు మాత్రం ఒక్కరికే ఉంది.

కొన్ని మాటలు మంచి చోట పుట్టి కింద పడ్డయి. అన్నీ విడిచిన సన్యాసి, 'సన్నాసి' అయి పనికిరానివాడు అయిండు. మన జిల్లాలో అందరికీ తెలిసిన 'జోగిని' కథ కూడా అదే. అది 'యోగిని' నుంచి వచ్చింది. యోగిని అంటే తపస్సు చేసే స్త్రీ. కానీ జోగినిగా చేసింది ఎవరిని? ఎక్కువగా దళితుల ఇండ్ల చిన్నపిల్లలను. దేవతతో పెండ్లి అన్నరు. ఊరి పెద్దలు వాడుకున్నరు. బడిలో తండ్రి పేరు అడిగితే ఆ పిల్లలు తల దించుకోవలసి వచ్చేది. 1980లలో లవణం, హేమలతా లవణం నిజామాబాద్ జిల్లాకు వచ్చి జోగినుల నడుమ పనిచేసిన్రు. బోధన్ దిక్కు వర్నిలో వాళ్ల కోసం పెట్టిన ఇంటి పేరు 'చెల్లి నిలయం'. ఆ పేరులోనే పిలుపు మారింది. 1988లో చట్టం వచ్చింది. ఆడపిల్లను జోగినిగా మార్చడం నేరం. కన్నవాళ్లు చేసినా నేరమే.

ఇక కులం పేరు. పేరు పేరే. పలికే గొంతు దాన్ని తిట్టు చేస్తది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. ఎస్సీ, ఎస్టీ కానివారు ఎవరైనా, ఎస్సీ, ఎస్టీ వారిని నలుగురు చూసే చోట కులం పేరుతో దూషిస్తే ఆరు నెలల నుంచి ఐదేండ్ల దాక జైలు, జరిమానా పడతయి. ఠాణాలో నోటితో చెప్పినా పోలీసులు రాసుకోవాలి. రాసింది చదివి వినిపించాలి. సంతకం తీసుకోవాలి. నకలు ఉచితంగా ఇవ్వాలి. సంతకం పెట్టే ముందు ఆ కాగితం మీరే ఒకసారి చదవండి. అన్న మాట అన్నట్టే రాసిన్రా? ఏ రోజు, ఏ చోట, ఎవరి ఎదుట అన్నరో రాసిన్రా? చూసుకోండి.